నాన్నగారి కీ, నా రెండు 807లు

మొన్న ఉగాదికి ముందు ఇల్లు దులుపుతుండగా అటక మీద నుంచి ఒక అల్యూమినియం పెట్టె దిగింది. దింపిన కుర్రవాడు దానిని రెండు చేతులతోనూ పొట్టకానించుకొని, "ఏంది సార్ ఇది, పాత స్టెబిలైజరా? ఇంత బరువుంది" అని అడిగాడు. కాదన్నాను. మరి ఏమిటో చెప్పబోయి ఆగిపోయాను. "మా నాన్నగారి గొంతు" అంటే ఆ అబ్బాయికి అర్థం కాదు. అర్థమయ్యేలా చెప్పాలంటే ఒక టపా అంత చెప్పాలి. అందుకే ఇక్కడ కూర్చున్నాను మిత్రులారా, కాస్త ఓపిక పట్టండి.

నాన్నగారు తంతి శాఖలో పనిచేశారు. 1956లో విశాఖపట్నంలో చేరి, తరువాత హైదరాబాదుకు బదిలీ అయి, 1993లో పదవీ విరమణ చేశారు. ఆయన చేరిన రోజులలో టెలిగ్రాము అంటే మోర్స్ సంకేతమే. సౌండరు అనే చిన్న ఇత్తడి యంత్రం టకటకమని కొట్టుకొంటుంటే, ఆ చప్పుళ్ళ మధ్య ఎడాన్ని బట్టి చుక్కా గీతా పోల్చుకొని చేతితో అక్షరాలు రాసుకొనేవారు. గదిలో పది సౌండర్లు ఒకేసారి మోగుతుంటే తమది తమకు వినబడటానికి దాని వెనుక ఖాళీ డబ్బా ఒకటి ఆనించి పెట్టుకొనేవారట. క్రమంగా టెలిప్రింటర్లు వచ్చాయి, ఆ చెవికీ ఆ మణికట్టుకూ పని లేకుండా పోయింది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు స్తంభాలతో సహా తీగలు కొట్టుకుపోవడం చూశాక, "తీగ తెగితే మాట తెగిపోయే బతుకు మనది" అని ఆయన తరచుగా అనేవారు. తీగ అక్కరలేని మాట మీదికి ఆయన మనసు మళ్ళింది అప్పుడేనని నా ఊహ. తరువాత నాలుగైదేళ్ళకు అమెచ్యూర్ రేడియో పరీక్ష రాశారు. మోర్స్ పరీక్షకు వెళ్ళినవాడు పరీక్షకుడి చేయి వణుకుతోందని గమనించి వచ్చాడంటే ఆయన ధీమా ఎంతటిదో మీరే ఊహించుకోండి.

గాంధీనగర్‌లో మాది అప్పటికి డాబా ఇల్లు. అటు కవాడిగూడ, ఇటు అశోక్‌నగర్, నాలుగడుగులు వేస్తే చిక్కడపల్లి. మేడ మీద నీళ్ళ తొట్టెకు కట్టిన ఇనుప గొట్టం నుంచి వెనుక ఇంటివారి కొబ్బరిచెట్టు దాకా రాగి తీగ ఒకటి సాగి ఉండేది. 7 మెగాహెర్ట్జ్‌కు సరిపడే డైపోల్ యాంటెన్నా, చివర నుంచి చివరకు 20 మీటర్ల పైచిలుకు. కొత్తగా వచ్చినవారు దానిమీద బట్టలెందుకు ఆరవేయరని అమ్మను అడిగేవారు. ఆ తీగకు కింద గదిలో నాన్నగారు స్వయంగా కట్టుకొన్న 5 వాట్ల ట్రాన్స్‌మిటరు. రాత్రి గదిలో వెలిగే జీరో బల్బుకు కూడా అంతకంటె ఎక్కువ విద్యుత్తు కావాలి.

ఆ అయిదు వాట్లతోనే ప్రతి సాయంత్రం ఆరున్నరకు ఆయన విశాఖలోని తన పాత సహోద్యోగితో మాట్లాడేవారు. ఆయనను మేము విశాఖ బాబాయిగారు అనేవాళ్ళం. ఇద్దరూ ఒకే బెంచీ మీద పనిచేసినవారు, ఒకే ఏడు లైసెన్సు తెచ్చుకొన్నవారు. మాట్లాడుకొనేది తెలుగే. తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో విడగొట్టి, దీర్ఘాలకు అక్షరం రెట్టించి, కీ మీద కొట్టేవారు. తరువాత ఎన్నో ఏళ్ళకు ఆర్.టి.ఎస్. చూసినప్పుడూ, లేఖినిలో మొదటిసారి టైపు చేసినప్పుడూ, ఇది నాకు చిన్నప్పటి నుంచీ వినబడుతున్న భాషే కదా అనిపించింది. మనకంటె చాలా ముందే ఆ ఇద్దరు ముసలివాళ్ళు రోమను లిపిలో తెలుగు కబుర్లు చెప్పుకొన్నారు.

1995లో నాన్నగారి గొంతుకు జబ్బు చేసింది. శస్త్రచికిత్సలో స్వరపేటిక తీసివేయవలసి వచ్చింది. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు.

ఆ మొదటి నెలలు తలచుకోవడం ఇప్పటికీ కష్టమే. ఒక పలక కొని ఇచ్చాము. దానిమీద రాసి చూపేవారు. నేను అప్పుడు ఉద్యోగంలో కొత్త, ఎప్పుడూ తొందరే. ఆయన వాక్యం పూర్తి చేసేలోగానే, "అర్థమైంది నాన్నగారూ" అని వెళ్ళిపోయేవాణ్ణి. నిజానికి అర్థమయ్యేది కాదు. ఒకసారి పలక తిప్పి చూస్తే, నేను పోయాక కూడా ఆ వాక్యం పూర్తి చేసి ఉన్నారు. మూడు రోజుల క్రితం అడిగిన మందు పేరు అది.

అమ్మే దారి కనిపెట్టింది. అభ్యాసానికి వాడే చిన్న బజరునూ కీనీ ఆయన కుర్చీ చేతికి కట్టించింది. ఒక్క పొడుగాటి గీత కొడితే టీ కావాలని అర్థం. మోర్స్‌లో 'టి' అక్షరానికి ఒకే ఒక గీత అన్న సంగతి అమ్మకు తెలియదు. ఆమె దృష్టిలో అది వంటింటి గంట. నాన్నగారికి మాత్రం అది చక్కని ఇంగ్లీషు. చుక్కలు రెండు కొడితే మంచినీళ్ళు. ఈ రెండింటితో ఇల్లు మళ్ళీ కొంత మామూలయింది.

కాని ఆయన అసలు మాట్లాడేది మాత్రం సాయంత్రం ఆరున్నరకే. గొంతు ఉన్న రోజులలో అది కాలక్షేపం, గొంతు పోయాక అదే ఆయన సంభాషణ మొత్తం. ఆ ఏడు చలికాలం అది కూడా సరిగా సాగలేదు. చీకటి పడేకొద్దీ పై వాతావరణంలోని అయాను పొరలు పలుచబడి, 7 మెగాహెర్ట్జ్ తరంగాలు దగ్గర ఊళ్ళమీద దిగకుండా దూరదేశాలకు ఎగిరిపోతాయి. దానికి తోడు అప్పట్లో 7.1 మెగాహెర్ట్జ్ నుంచే విదేశీ ప్రసార కేంద్రాల రొద. బాబాయిగారి వైపు నుంచి "మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అన్న సంకేతమే వచ్చేది. నాన్నగారు ఒక్కో మాట మూడేసిసార్లు కొట్టి, చివరకు హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టి, కిటికీలోంచి చూస్తూ కూర్చొనేవారు. ఇంట్లో నేను వినిపించుకోను, విశాఖలో ఆయనకు వినబడదు. ఆ దృశ్యం నన్ను కొట్టింది. వర్ధకం ఒకటి కడతానని చెప్పాను. పలక మీద "వాల్వులతో కట్టు. తప్పు చేసినా ఓర్చుకొంటాయి" అని రాశారు.

చేతిలో ఉన్నవి రెండు 807 వాల్వులు. నాన్నగారు ఎప్పుడో సైనిక సామాగ్రి వేలంలోంచి వచ్చినవి కొని, గుడ్డలో చుట్టి దాచుకొన్నవి. 807 అంటే 1936లో అమెరికాలో ఆర్.సి.ఎ. సంస్థ విడుదల చేసిన వాల్వు. పొట్లకాయ ముక్కలా నిలువుగా ఉండి, నెత్తిమీద లోహపు టోపీ ఉంటుంది. ఆ టోపీయే ప్లేటు, అంటే ధనధ్రువం. రెండవ ప్రపంచయుద్ధంలో లెక్కలేనన్ని తయారై, యుద్ధం ముగిశాక ప్రపంచమంతటా అంగళ్ళలోకి చవకగా వచ్చాయి. ఒక్కొక్కటి 25 వాట్ల వేడిని నిబ్బరంగా భరించగలదు.

మిగతా సామాను కోసం కోఠీ గుజరాతీ గల్లీలోనూ, ఆదివారాలు ఎర్రగడ్డ సంతలోనూ తిరిగాను. పాత రేడియోల గ్యాంగ్ కండెన్సర్లు రెండు, ట్రాన్స్‌ఫార్మరు, నూనె కండెన్సర్లు, ఒక మిల్లీ ఆంపియరు మీటరు, ఇవన్నీ ఒక్కో వారం ఒక్కోటిగా దొరికాయి. నాన్నగారికి ఆ వేట కథలు చెబుతుంటే కళ్ళు మెరిసేవి. ఆయన పలకమీద ఒక పాత కథ రాశారు. 1930లలో నిజాం తంతి తపాలా శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ అనే ఆయన ఆబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల ట్రాన్స్‌మిటరుతో సొంతంగా రేడియో కేంద్రం నడిపారు. 1935లో దానిని ప్రభుత్వం తీసుకొని దక్కన్ రేడియో చేసింది. కింద నాన్నగారు, "మా శాఖవాడే!" అని గీత గీసి మరీ రాశారు. మన ఇంటికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలోని కథ. ఆయనకు 200 వాట్లయితే మనకు 90 చాలు అనుకొన్నాము.

ఇక అసలు సంగతి, అవుట్‌పుట్ సర్క్యూటు. రేడియో తెలియని మిత్రులు భయపడనక్కరలేదు, విషయం తేలికే.

వాల్వుకు వోల్టులు ఎక్కువ, ప్రవాహం తక్కువ. మాది 700 వోల్టులు, 200 మిల్లీ ఆంపియర్లు. మేము వాడిన క్లాస్ సి పద్ధతిలో వోల్టులను రెట్టింపు ప్రవాహంతో భాగిస్తే వాల్వు కోరుకొనే భారం వస్తుంది. అది 1,750 ఓములు. యాంటెన్నాకు పోయే కేబుల్‌ది 50 ఓములు. 35 రెట్ల తేడా. పెద్ద గొట్టాన్ని నేరుగా సన్నగొట్టానికి తగిలిస్తే నీరు వెనక్కి తన్నినట్లు, ఈ రెంటినీ నేరుగా కలిపితే శక్తి బయటికి పోక వాల్వులోనే వేడిగా మిగిలిపోతుంది. వాటి మధ్య తరగరిలాగా కూర్చొనేదే పై-నెట్‌వర్కు. రెండు కాళ్ళు, పైన ఒక దూలం, గ్రీకు అక్షరం 'పై' ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు. వాల్వు వైపు కాలు ఒక కండెన్సరు, దాని పేరు ట్యూనింగు. యాంటెన్నా వైపు కాలు మరో కండెన్సరు, దాని పేరు లోడింగు. దూలం రాగి తీగ చుట్ట.

ఇంకో పని కూడా అది చేస్తుంది. క్లాస్ సి వాల్వు ప్రవాహాన్ని సాఫీగా ఇవ్వదు, తోపులు తోపులుగా ఇస్తుంది. ఉయ్యాల ఊపేవాడు ఊపుకొక్కసారే తోసినా ఉయ్యాల మాత్రం నున్నగా ఊగుతుంది కదా, అలా ఈ చుట్టా కండెన్సర్లూ కలిసి ఆ తోపులను నున్నని తరంగంగా మారుస్తాయి. అక్కరలేని పై పౌనఃపున్యాలను చాలావరకు అక్కడే ఆపేస్తాయి.

లెక్కలు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చొని వేశాను. చుట్టూ అశోక్‌నగర్ గదుల నుంచి వచ్చిన గ్రూప్ పరీక్షల అభ్యర్థులు, మధ్యలో నేను, ముందు ఏ.ఆర్.ఆర్.ఎల్. హ్యాండ్‌బుక్ జిరాక్సు కాగితాలు. సర్క్యూటు నాణ్యతాంకాన్ని 12గా తీసుకొంటే, 7.05 మెగాహెర్ట్జ్ దగ్గర ట్యూనింగుకు సుమారు 155 పికోఫారడ్లు, లోడింగుకు సుమారు 800 పికోఫారడ్లు, చుట్టకు 3.75 మైక్రోహెన్రీలు వచ్చాయి. రెండంగుళాల వ్యాసంతో 11 చుట్లు, రెండుంపావు అంగుళాల పొడవున. నాన్నగారు బత్తాయంత మందం గొట్టానికి రాగితీగ చుట్టి, చుట్టుకూ చుట్టుకూ మధ్య దారం పెట్టి ఎడం సమం చేశారు. ట్యూనింగు కండెన్సరులో మామూలు రేడియో గ్యాంగు పెడితే 700 వోల్టుల దగ్గర రేకుల మధ్య నిప్పురవ్వలు లేస్తాయి. అందుకని రేకు విడిచి రేకు ఊడదీసి ఎడం పెంచాము. లోడింగు వైపు వోల్టులు వందకు లోపే, అక్కడ రెండు అరలూ కలిపిన పాత గ్యాంగు అలాగే సరిపోయింది.

పూర్తయిన రోజు ఒక ఆదివారం. యాంటెన్నాకు తగిలించే ముందు ఏదైనా భారం మీద పరీక్షించాలి. అప్పట్లో మనవాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను. 100 వాట్ల బల్బు పెట్టాను. ట్యూనింగు తిప్పాను, లోడింగు తిప్పాను, బల్బు గదంతా వెలిగింది. అమ్మను పిలిచి చూపించాను. నాన్నగారు ఏదో రాయబోతుంటే, "అర్థమైంది నాన్నగారూ, యాంటెన్నాకే కదా" అని బల్బు తీసి కేబుల్ తగిలించాను.

కీ నొక్కగానే మీటరు ముల్లు 280 దాటింది. ట్యూనింగు ఎటు తిప్పినా దిగలేదు. 700 వోల్టులు, 280 మిల్లీ ఆంపియర్లు, అంటే 196 వాట్లు లోపలికి పోతున్నాయి. బయటికి పోయేది ఎంతో తెలియదు. ఏమి తప్పో వెతుకుతూ కీ వదలడం మరిచాను. పది క్షణాలలో ఎడమ వాల్వు ప్లేటు కుంకుమరంగుకు తిరిగింది. స్విచ్చి కట్టేసేసరికే ఆలస్యమైంది. ఎన్నో ఏళ్ళు గుడ్డలో దాచిన వాల్వు ఒక్క ఆదివారంలో పోయింది.

సిగ్గూ కోపమూ కలిసి, తొందరగా ఆ వాల్వు ఊడదీసి చూద్దామని టోపీ మీదికి చెయ్యి చాచాను. స్విచ్చి ఆపాను కదా అన్న ధీమా. అంగుళం దూరంలో ఉండగా గదిలో కీచుమని ఒక శబ్దం పుట్టి, ఆగకుండా మోగింది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కొన్నాను. తిరిగి చూస్తే నాన్నగారు చిన్న ట్రాన్స్‌మిటరు కీని అరచేతితో అదిమిపట్టి ఉన్నారు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

ఆయన లేచి, పిడికి ప్లాస్టిక్కు ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకొని, ఎడమచెయ్యి జేబులో పెట్టుకొని, దాని మొనను టోపీకీ చాసిస్‌కూ మధ్య ఆనించారు. ఫటేలుమని నీలిమెరుపు. స్క్రూడ్రైవరు మొన కొంత కరిగింది. నూనె కండెన్సర్లలో 700 వోల్టులు అలాగే నిలిచి ఉన్నాయి. వాటిని ఖాళీ చేయవలసిన 50 కిలోఓముల తీగచుట్ట నిరోధకం లోపల తెగిపోయింది, నేను గమనించలేదు. రెండవ చెయ్యి చాసిస్ మీద ఆనించి ఉన్నవాడికి అది గుండె మీదుగా పోయే దారి. పెద్దవాళ్ళు ఒక చెయ్యి జేబులో పెట్టుకోమనేది అందుకే.

పలక తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆ రోజు మొదటిసారి చివరిదాకా నిలబడి చదివాను. ముందు రాయబోయినది బల్బు సంగతి. "బల్బు 50 ఓములు కాదు. వెలిగితే 500." నిజమే. 230 వోల్టులను 230తో గుణించి 100తో భాగిస్తే 529 ఓములు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు కూడా ఉండదు. వెలిగేకొద్దీ మారిపోయే భారం. ఆ బల్బుకు సరిపడేలా లోడింగు కండెన్సరును 300 పికోఫారడ్ల దగ్గరకు తెచ్చి, అదే అమరికతో 800 కావలసిన 50 ఓముల తీగకు తగిలించాను. బల్బు వెలగడం చూసి మురిసిపోయాను కాని, ఆ వెలుగు యాంటెన్నా గురించి నాకేమీ చెప్పలేదు. ఆ మాట చెప్పగలిగిన మనిషి పక్కనే ఉన్నాడు, చెప్పనివ్వలేదు.

తరువాత అడిగాను, "కీ మీద కొట్టిన అక్షరం ఏమిటి నాన్నగారూ, టి యా?" అని. ఆయన పలకమీద, "అక్షరం కాదు. అరుపు" అని రాశారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొడుకు చెయ్యి మృత్యువు మీదికి పోతుంటే, అరవడానికి గొంతు లేని తండ్రి దేనిని వెతుక్కోవాలి? ఆయన చేతికి అందే దూరంలో కీ ఉండబట్టి సరిపోయింది.

మరుసటి వారం నుంచి పని ఆయన చెప్పిన వరుసలో చేశాము. ముందు కొత్త బ్లీడరు నిరోధకాలు, ఒకటి పోయినా ఇంకొకటి ఉండేలా రెండు. అవుట్‌పుట్ దగ్గర చాసిస్‌కు ఒక చోక్, ఎప్పుడైనా మధ్య కండెన్సరు పాడై 700 వోల్టులు యాంటెన్నా మీదికి వస్తే ఫ్యూజు పోయేలా. వాల్వుల టోపీల దగ్గర 47 ఓముల కార్బన్ నిరోధకాల మీద నాలుగు చుట్లు తీగ, రెండు వాల్వులూ తమలో తాము ఊగిపోకుండా. పోయిన వాల్వు స్థానంలో ఎర్రగడ్డలో మరొకటి దొరికింది. బల్బు స్థానంలో 2 కిలోఓముల, 2 వాట్ల కార్బన్ నిరోధకాలు నలభై, రెండు రాగిరేకుల మధ్య టంకం పెట్టాము. అన్నీ కలిసి సరిగ్గా 50 ఓములు, వేడెక్కినా పెద్దగా మారదు.

అప్పుడు ట్యూనింగు. ముందు లోడింగు కండెన్సరు పూర్తిగా మూసి ఉంచాలి, అంటే భారం అతి తక్కువ. కీ మూడు క్షణాలకు మించి నొక్కకూడదు. ట్యూనింగు తిప్పుతుంటే మీటరు ముల్లు ఎక్కడో ఒకచోట గబుక్కున దిగుతుంది. దానినే డిప్ అంటారు. అది అనునాద స్థానం. అక్కడ సర్క్యూటు వాల్వుకు పెద్ద నిరోధంలా కనబడి ప్రవాహం తగ్గుతుంది. మాకు మొదటి డిప్ 60 దగ్గర వచ్చింది. తరువాత లోడింగు కొద్దిగా తెరవాలి. ముల్లు పైకి లేస్తుంది, అనునాదం కాస్త తప్పుతుంది. మళ్ళీ ట్యూనింగు సర్ది డిప్ వెతకాలి. ఈసారి లోయ అంత లోతుగా ఉండదు, 90 దగ్గర ఆగుతుంది. మళ్ళీ కొంచెం తెరువు, మళ్ళీ దింపు. 120, 150, 175. లోయ నిస్సారమయ్యేకొద్దీ బయటికి పోయే శక్తి పెరుగుతుంది. 190 దగ్గర నాన్నగారు చెయ్యి ఎత్తి ఆపారు. ఇక తెరిస్తే ముల్లు లేస్తుంది కాని వెలుపలి శక్తి పెరగదు, పెరిగేది వేడి మాత్రమే.

కీ ఆయన నొక్కారు, గుండీలు నేను తిప్పాను. మధ్యలో ఒక్క మాట లేదు. ఆయన మణికట్టు లేచినప్పుడు నేను ఆగాలి, నా చెయ్యి ఆగినప్పుడు ఆయన నొక్కాలి. అరగంటసేపు తొందరపడకుండా ఆయనతో కూర్చోవడం నాకు అంతకు ముందు జరగలేదు.

యాంటెన్నాకు మార్చాక అదే వరుస మళ్ళీ చేస్తే గుండీలు రెండు మూడు గీతల తేడాతోనే నిలిచాయి. ఆ సాయంత్రం ఆరున్నరకు నాన్నగారు పిలిచారు. మామూలుగా బాబాయిగారు ఇచ్చే రిపోర్టు 539. ఆ రోజు 559 అని వచ్చింది. మధ్య అంకె సంకేత బలం. 5 వాట్ల నుంచి 90 వాట్లకు పోతే పెరిగేది 12 డెసిబెల్సుకు కొంచెం ఎక్కువ, అంటే రెండు ఎస్-యూనిట్లు. లెక్క సరిపోయింది. పద్దెనిమిది రెట్లు విద్యుత్తు పోస్తే రెండే మెట్లు! కాని ఆ రెండు మెట్లు రొద కిందనుంచి మాటను పైకి లేపడానికి సరిపోయాయి. తరువాత బాబాయిగారు కొట్టినది నేనే విని రాసుకొన్నాను: "అరవకు, వినబడుతోంది." నాన్నగారి భుజాలు కదిలాయి. శబ్దం లేకుండా నవ్వడం ఆయనకు అలవాటయింది అప్పటికి.

ఆ తరువాత ఏడేళ్ళకు పైగా ఆ పెట్టె రోజూ సాయంత్రం వెలిగింది. 2003లో నాన్నగారు వెళ్ళిపోయారు. మా లోకంలో పోయినవారిని సైలెంట్ కీ అంటారు. కీ మూగబోయిందని. గొంతు పోయిననాడు మూగబోని మనిషికి ఆ పేరు సరిగ్గా కుదిరింది. మరుసటి ఏడు డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్‌కు వెళ్ళి ఉన్న భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ నుంచి రేడియో మీద సందేశాలు అందించింది. తీగ తెగినా మాట తెగలేదు. అప్పుడు బాబాయిగారు నాకు ఉత్తరం రాస్తూ, "మీ నాన్న ఉంటే ఆ వారం అంతా కుర్చీ దిగేవాడు కాదు" అన్నారు. ఇప్పుడు ఆయన కూడా లేరు. 2013 జులైలో టెలిగ్రాము సేవ కూడా ఆగిపోయింది.

మా డాబా స్థానంలో 2007లో అపార్టుమెంటు లేచింది. కొబ్బరిచెట్టు పోయింది, యాంటెన్నా పోయింది, పెట్టె అటక ఎక్కింది. మొన్న దింపాక వారం రోజులు దానితోనే గడిపాను. ముందుగా స్క్రూడ్రైవరు, జేబులో ఎడమచెయ్యి. అన్నేళ్ళ తరువాత అందులో ఏమీ మిగలదని తెలుసు, అయినా చెయ్యి ఆ వరుస మరిచిపోలేదు. పాత కండెన్సర్లను ఒక్కసారిగా కరెంటుకు ఎక్కించకుండా మెయిన్సు తీగలో వరుసగా ఒక 100 వాట్ల బల్బు పెట్టి నెమ్మదిగా మేల్కొలిపాను. బల్బుకు తగిన పని అది. తరువాత నలభై నిరోధకాల భారం మీద కీ నొక్కాను. 70 దగ్గర డిప్. తెరిచాను, దింపాను, తెరిచాను. 185 దగ్గర ఆగాను. ఎవరూ చెయ్యి ఎత్తలేదు కాని ఎక్కడ ఆగాలో తెలిసింది.

యాంటెన్నా లేదు కనుక అది ఎక్కడికీ పోలేదు, నిరోధకాలు వెచ్చబడ్డాయి, అంతే. ఉన్నా పెద్ద ప్రయోజనం ఉండకపోవచ్చు. రిసీవరుకు కిటికీలోంచి తీగ వేలాడదీసి విన్నాను. 7 మెగాహెర్ట్జ్ నిండా ఎల్.ఇ.డి. దీపాల, చార్జర్ల, ఇన్వర్టర్ల గరగర. రెండు మెట్లు ఆ రొదలో ఎక్కడికీ చాలవు. అయినా టెర్రస్ మీద తీగ కట్టుకోవడానికి సొసైటీవారిని అడుగుతున్నాను.

ఆ సాయంత్రం వర్ధకం కట్టేసి, నాన్నగారి చిన్న ట్రాన్స్‌మిటరు ఒక్కటే ఉంచి, కీని అరచేతితో ఒక్కసారి అదిమాను. అదే కీచు. ఆయన అరుపు ఎలా ఉండేదో మళ్ళీ వినాలనిపించింది. వంటింట్లో నుంచి మా ఆవిడ, "టీ యేనా? పెడుతున్నా" అంది. అమ్మ దగ్గర నేర్చుకొన్న భాష అది.

తా.క.: ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఇటువంటి పెట్టె ఉంటే, స్విచ్చి ఆపి ఉన్నా, ప్లగ్గు ఊడదీసి ఉన్నా, ముందు కండెన్సరు ఖాళీ చేయండి. పక్కన ఎవరైనా పెద్దవారు ఏదైనా చెప్పబోతుంటే చివరిదాకా వినండి.